పదకొండో రీలులో ఆరు నిమిషాలు

పోయిన ఆదివారం చర్చి నుంచి తిన్నగా మా బావగారింటికి భోజనానికి వెళ్లాను. గవర్నర్‌పేటలో పాత లాడ్జీల వెనక సందులో, మోటారు వైండింగు షాపు పైన, రెండు గదుల వాటా వాళ్లది. మా అక్క పోయి మూడేళ్లయినా ఆదివారం భోజనం మాత్రం తప్పలేదు. ఇప్పుడు వంట అక్క కోడలు చేస్తుంది, కొసరి కొసరి వడ్డించడం అక్క మనవరాలి వంతు. చేతులు కడుక్కుని కూర్చున్నాక ఆ పిల్ల మా ఇద్దరి మధ్యకూ ఒక స్టూలు లాక్కుని, మీ కాలం సినిమా ఒకటి శుభ్రం చేసి కొత్త ప్రింటులాగా నెట్‌లో పెట్టారు, సినిమా ఎంత బాగుందో కింద జనం రాసినవీ అంత బాగున్నాయి, వింటారా అని ఫోను తీసింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగు నేను కూడబలుక్కుంటే గాని చదవలేను, మా బావకు చూపు ఆనదు, అందుకని తనే చదవడం మొదలుపెట్టింది.

సినిమా పేరు ఇక్కడ రాయను. వరసగా అయిదు హత్యలు చేసే ఒక మనిషి కథ అది, ఎనభైల్లో వచ్చింది. నా ఈడువాళ్లకు తెల్ల బూట్లు, నీలం వెలుతురు అంటే చాలు, గుర్తొచ్చేస్తుంది. ఆ నీలం వెలుతురు ఇప్పటి కెమెరాలకు కూడా పట్టుబడదని ఒకాయన రాశాడు. వాళ్లమ్మ ఆ సినిమా చూసొచ్చి వారం రోజులు పెరట్లోకి ఒంటరిగా వెళ్లలేదని, ఇన్నేళ్లకు తను చూసి తనూ బాల్కనీ తలుపు గడియ వేసుకున్నానని ఒకావిడ రాసింది. జేబులో ఫోన్లు లేని రోజుల్లో ఒక్క టెలిఫోను మోతతో ఇంత భయపెట్టినవాళ్లకు దండం పెట్టాలని ఇంజనీరింగు చదివే కుర్రాడెవరో అన్నాడు. ఎక్కువమంది మాత్రం హంతకుడు తల్లి దగ్గరికి వెళ్లే ఘట్టం గురించి రాశారు. అక్కడ ఏడ్చామని మగవాళ్లు కూడా దాచుకోకుండా రాశారు. వింటుంటే సొంత బిడ్డను ఎవరో మెచ్చుకుంటున్నట్టు మా బావ ముఖం విప్పారింది.

ఆ తర్వాత చదివింది ఇది. చల్లపల్లి అవతల ఒక చిన్న ఊరి పేరు వేసి ఒకాయన రాశాడు, మా ఊళ్లో చూసినప్పుడు ఈ తల్లి సీనే లేదు, ఆపరేటర్ కోసి అమ్ముకున్నాడని చెప్పుకునేవాళ్లు, అలాంటి వెధవల వల్ల మాకు సినిమా సగమే దక్కింది అని. పిల్ల మామూలుగా చదివేసి తర్వాతదానికి వెళ్లిపోయింది. తాత ఒకప్పుడు సినిమా ఆపరేటరని దానికి తెలుసు గాని, ఏ ఊళ్లో చేశాడో, ఎందుకు మానేశాడో ఎవరూ చెప్పలేదు. మా బావ ముఖంలో ఏమీ మారలేదు. చదవమ్మా, ఇంకా ఏం రాశారు అన్నాడు.

ఆ ముక్క కోసింది మా బావ కాదు, నేను. దాదాపు నలభై ఏళ్లుగా ఈ మాట నా నోటి నుంచి బయటికి రాలేదు. అది ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను విజయవాడలో ఒక సినిమా పంపిణీ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌ని. ఆ ఉద్యోగం సంగతి ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు. సినిమా అంటే అప్పుడు పదహారు రీళ్లు, వాటిని మోసే రేకు పెట్టెలు, ఆ పెట్టెలతో పాటు బస్సు టాపు మీదికీ కిందికీ ఎక్కి దిగే ఒక మనిషి. ఆ మనిషిని నేను. ప్రింటు ఏ ఊరి హాలుకు వెళ్తే ఆ ఊళ్లోనే ఉండి, సినిమా ఆడినన్నాళ్లూ హాలు వాకిట్లో కాపలా కాసి, రోజూ పోస్టాఫీసు నుంచి ట్రంకాల్ చేసి మా యజమానికి జనం ఏమనుకుంటున్నారో చెప్పాలి. దాన్నే మేము టాక్ అనేవాళ్లం. టాక్ పట్టడం అందరికీ రాదని, అది ఒక విద్య అని మాకు గర్వం ఉండేది.

ఆ విద్య నాకు నేర్పినాయన మా ఆఫీసులో పెద్ద రిప్రజెంటేటివ్. ఆయన చెప్పిన మొదటి పాఠం, తెర వైపు చూడకూడదని. తెర చూస్తే మనమూ జనంలో ఒకరమైపోతాం, కథలో పడిపోతాం, ఇక టాక్ ఏం పడతాం అనేవాడు. అందుకని తలుపు పక్కన తెరకు వీపు పెట్టి నిలబడి, జనాన్ని వినాలి. ఈల ఎక్కడ పడింది, నవ్వు ఎక్కడ లేచింది, కుర్చీలు ఎక్కడ కిర్రుమన్నాయి, సోడా కోసం ఎప్పుడు లేచారు, ఆడవాళ్ల వైపు చంటిపిల్లల ఏడుపు ఏ రీలులో వినపడింది. పిల్లలు ఏడుస్తున్నారంటే తల్లులు తెర మీదినుంచి చూపు తిప్పుకున్నారని, అంటే ఆ రీలు నడవడం లేదని లెక్క. అలా పదేళ్లలో కొన్ని వందల సినిమాలు విన్నాను గాని, నిజం చెప్పాలంటే నిండుగా చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మా వృత్తిలో ఇంకో అలవాటు ఉండేది, అది కూడా చెప్పకపోతే నా తప్పు అర్థం కాదు. మొదటి ఆటల టాక్ చూసి, జనం ఎక్కడ విసుక్కుంటున్నారో అక్కడ కొంత ముక్క తీసేయించడం. దాన్ని ట్రిమ్మింగ్ అనేవాళ్లం. నిజానికి మా యజమానిని అడిగి, ఆయన తీసినవాళ్లను అడిగి, వాళ్లు సరేనంటేనే చెయ్యాలి. కాని దూరపు ఊళ్లలో కొందరు రిప్రజెంటేటివ్‌లు ఎవర్నీ అడక్కుండానే బ్లేడు పెట్టేవాళ్లు, ఆ తర్వాత సినిమా బాగా ఆడితే ఆ బ్లేడు గొప్పతనమేనని ఆఫీసులో చెప్పుకునేవాళ్లు. నేను అప్పటికి ఇరవై ఏడేళ్లవాణ్ణి. అలా చెప్పుకోవడానికి నాకూ ఒక కథ కావాలని తెగ కోరికగా ఉండేది.

ఆ సినిమా విజయవాడలో పుట్టించిన సంచలనం మీలో కొందరికైనా గుర్తుండాలి. ఆట వదిలాక జనం మాట్లాడుకోకుండా బయటికి వచ్చి, సైకిలు స్టాండు దగ్గరికి చేరాక అందరూ ఒక్కసారిగా మాట్లాడేవాళ్లు. హంతకుడి ముఖం మొదటి సగంలో చూపించరు. నున్నటి గచ్చు మీద నడిచే తెల్ల బూట్లు, పక్కన పొడుగాటి నీడ, ఎక్కడో ఖాళీ గదిలో మోగుతూ ఉండే టెలిఫోను, అంతే. ఆ మనిషి అడ్డదిడ్డంగా అరవడు, కత్తి ఝుళిపించడు, రెండు వేళ్లతో కాలరు సరిచేసుకుంటాడు, ఆ సరిచేసుకోవడానికే బాల్కనీలో ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకునేవాళ్లు. నెల తిరక్కుండా బజారులో చెప్పుల షాపుల ముందు తెల్ల బూట్లు తోరణాల్లా వేలాడాయి. మా చర్చిలో పాటలు పాడే కుర్రాళ్లు ముగ్గురు ఒక ఆదివారం అవే తొడుక్కొస్తే, అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆగి వాళ్ల కాళ్ల వైపు చూసి, చీకటి క్రియల గురించి చెప్పబోయేది ఆ రోజు పావుగంట ఎక్కువ చెప్పారు. సినిమాకు వెళ్లొద్దని గట్టిగా అన్నారు కూడా. ఆ మధ్యాహ్నం మ్యాటినీలో స్త్రీల సమాజం వాళ్లు సగం మంది కనిపించారని మా ఆఫీసులో చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నాం.

నెలన్నర తర్వాత ఒక ప్రింటుతో నన్ను చల్లపల్లి అవతల ఉన్న ఆ చిన్న ఊరికి పంపారు. నాకు పండగే, ఎందుకంటే మా అక్క ఆ ఊళ్లోనే ఉండేది, ఆ హాలుకు మా బావే ఆపరేటరు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. మా నాన్న పోయాక నన్ను బి.కాం. దాకా చదివించింది, ఆ ఉద్యోగంలో పెట్టించింది కూడా ఆయనే. ఆయన మిషను రూము చర్చి కంటే శుభ్రంగా ఉండేది. రెండు ప్రొజెక్టరు మిషన్లకూ రోజూ పొద్దున్నే నూనె గుడ్డతో తుడుపు, వెలుగు పుట్టించే కార్బన్ కడ్డీల కొలత, రీలు ఎక్కించే ముందు వేళ్ల మధ్య ఫిల్మును జారనిచ్చి ఎక్కడ అతుకు వదులుగా ఉందో కళ్లు మూసుకుని చెప్పడం. ఒక రీలు నుంచి ఇంకో రీలుకు మారేటప్పుడు తెర మూల చిన్న చుక్క పడుతుంది కదా, అది పడ్డ క్షణానికి రెండో మిషను అందుకోవాలి. ఆయన చేతిలో ఆ మార్పు జరిగిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఆయన ప్రతి సినిమాను ప్రతి ఆటా చిన్న కిటికీలోంచి చూసేవాడు. నేను వినేవాణ్ణి, ఆయన చూసేవాడు, దాని మీద మా ఇద్దరికీ వేళాకోళాలు నడిచేవి. ఆట అయ్యాక మెట్లు దిగుతూ ఆయన రోజూ ఒకే మాట అడిగేవాడు.

"ఏం బావమరిదీ, ఇవాళ నీ వీపు ఏం చూసింది?"

మొదటి రోజు మార్నింగ్ షో. హాలు నిండింది, సుమారు నాలుగు వందల మంది. నేను నా చోట్లో తెరకు వీపు పెట్టి నిలబడ్డాను. పది రీళ్లు పండగలా నడిచాయి. తెర మీది అమ్మాయికి నేల క్లాసు ఆడవాళ్లు, వెనక్కి చూడవే తల్లీ, తలుపు వెయ్యవే అని సలహాలు ఇస్తూనే ఉన్నారు. పదకొండో రీలు వచ్చింది. ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. సంగీతం లేదు, మాటలు సరిగ్గా వినపడవు, నీళ్ల చప్పుడు ఒకటి, పంకా తిరిగే చప్పుడు ఒకటి. హాల్లో చీమ చిటుక్కుమనలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు, మూడు. నేను వాచీ చూసుకున్నాను. ముందు వరసలో ఎవడో ఈల వేసి, అన్నా ఇంకెంతసేపు అన్నాడు, ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆరు నిమిషాల తర్వాత సంగీతం అందుకుంది. నా మనసులో తీర్పు రాసేసుకున్నాను, ఇది చచ్చిన రీలు, ఊపు పోతోంది, ఇది తీసేస్తే సినిమా గుర్రంలా పరిగెడుతుంది. నాలుగు వందల మంది మౌనం నాకు విసుగులాగా వినిపించింది, ఒక్కడి ఈల నాకు టాక్‌గా వినిపించింది. ఒక్కసారి తలెత్తి ఆ ముఖాలు చూడాలని గాని, వెనక్కి తిరిగి తెర మీద ఏముందో చూడాలని గాని నాకు తోచలేదు. నా విద్య అలాంటిది.

మధ్యాహ్నం మా బావ భోజనానికి ఇంటికి వెళ్లాడు. మిషను రూము తాళం నాకు ఇచ్చి వెళ్లేవాడు, సొంత బావమరిదిని గదా. నేను పదకొండో రీలు విప్పి, వెలుతురులో పెట్టి చూసుకుంటూ ఆ మౌనం మొదలైన చోట ఒక గాటు, ముగిసిన చోట ఒక గాటు పెట్టాను, ఆయనే నాకు నేర్పిన పద్ధతిలో రెండు కొసలూ గీకి ఫిల్ము అతికే సిమెంటు రాసి అతికాను. అర రీలు ఫిల్ము ఉంగరాలు చుట్టుకుని నా సంచిలోకి వెళ్లింది. ఎంత సేపు పట్టిందనుకున్నారు, మా బావ ఇంటికి వెళ్లి పప్పన్నం తిని వచ్చేలోపలే.

ఆయన రాగానే రీలు వేళ్ల మధ్య జారనిచ్చాడు. అతుకు తగిలింది. ఆగిపోయి నా వైపు చూశాడు. నేను ముందే సిద్ధం చేసుకున్న మాట అన్నాను, ప్రింటు మా ఆఫీసుదనీ, టాక్ సంగతి నాకు వదిలెయ్యమనీ. సొంత బావతో, నన్ను చదివించినాయనతో, నేను ఆఫీసు మనిషిలా మాట్లాడాను. ఆయనకు కోపం రాలేదు. ముక్క ఇవ్వు, ఇప్పుడే అతికేస్తాను అన్నాడు. ఇవ్వను అన్నాను. అప్పుడాయన కార్బను సరిచేస్తూ, నాకేసి చూడకుండానే అన్నాడు.

"ఆ తల్లిని తీసేస్తే వీడు హీరో అయిపోతాడయ్యా."

నాకు అర్థం కాలేదు. మ్యాటినీలో మాత్రం నా లెక్కే గెలిచినట్టు కనిపించింది. ఎక్కడా ఆగకుండా సినిమా దూసుకుపోయింది, చివర్లో తెల్ల బూట్లవాణ్ణి పోలీసులు చుట్టుముడితే కుర్రాళ్లు వాడి తరపున ఈలలు వేశారు, వాడు పడిపోతే అయ్యో అన్నారు. నేను పోస్టాఫీసుకు పరిగెత్తి టాక్ అదిరిపోయిందని చెప్పాను. ట్రిమ్మింగ్ సంగతి మాత్రం చెప్పలేదు. సినిమా మూడో వారంలో పడ్డాక ఆఫీసుకు వెళ్లి గొప్పగా చెబుదామనుకున్నాను. ఆ రెండు వారాలూ మెట్లు దిగేటప్పుడు మా బావ నా వీపు ఏం చూసిందో అడగలేదు.

మూడో ఆదివారం మధ్యాహ్నం హాలు ముందు ఒక కారు ఆగింది. మా యజమాని దిగాడు, వెనక సీట్లోంచి ఆ సినిమా దర్శకుడు దిగాడు. కూచిపూడిలో ఎవరిదో నాట్యం చూడడానికి వచ్చి, పనిలో పనిగా పల్లెటూరి జనం మధ్య కూర్చుని పదకొండో రీలు చూడాలని ఆయన ముచ్చటపడ్డాడట. పెద్ద ఊళ్లలో పెద్దవాళ్లు మెచ్చుకున్నారు, పొలం పనుల నుంచి వచ్చినవాళ్లు ఆ రీలులో ఎలా ఉంటారో చూడాలని దారి పొడవునా అన్నాడని మా యజమాని మురిసిపోతూ నాతో చెప్పాడు. బాల్కనీలో కుర్చీ వేయించబోతే వద్దని, బెంచీ క్లాసులో చివర కూర్చున్నాడు. సన్నగా, నెరిసిన గడ్డంతో, బడిపంతులులా ఉన్నాడు. నేను తలుపు దగ్గర నా చోట్లో నిలబడ్డాను. ఆ రోజు నాకు జనం వినపడలేదు, నా గుండె ఒక్కటే వినపడింది.

పదకొండో రీలులో అతుకు దగ్గర తెర ఒక్క లిప్తసేపు తెల్లగా మెరిసి ముందుకు దూకింది. ఆయన లేచి నిలబడ్డాడు. కేకలు వెయ్యలేదు. బయటికి వచ్చి వరండాలో సోడా సీసాల అర దగ్గర నిలబడి, హాలు యజమానిని పిలిపించి, ఆరు నిమిషాలు ఏమయ్యాయండీ అని అడిగాడు. హాలు యజమాని హడలిపోయి పై నుంచి మా బావను పిలిపించాడు. మా బావ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ దిగి వచ్చాడు. ఆ రోజుల్లో ఆపరేటర్ల మీద ఒక నింద ఉండేది, మంచి మంచి ముక్కలు కోసి సరదాపడేవాళ్లకు అమ్ముకుంటారని. ఎవరూ ఆ మాట పైకి అనకముందే అందరి ముఖాల్లోకీ అది వచ్చేసింది. నువ్వేనా కోసింది అని హాలు యజమాని అడిగాడు.

మా బావ నా వైపు ఒకసారి చూశాడు. అది బతిమాలే చూపు కాదు, బెదిరించే చూపూ కాదు. నాకు చెప్పుకునే వీలు ఇస్తున్న చూపని ఇప్పుడు అనిపిస్తుంది. నేను సోడా సీసాల్లో గోళీలు లెక్కపెడుతున్నట్టు అటు చూస్తూ ఉండిపోయాను. నాకు ఆ నెలలోనే పెళ్లి కుదిరింది. ఆడపెళ్లివారు ఈ ఉద్యోగం చూసే పిల్లనిస్తున్నారు. ఇది సాకు అని నాకు తెలుసు, అప్పుడూ తెలుసు. కొంతసేపు చూసి మా బావ అన్నాడు.

"మిషను దగ్గర ఉండేది నేనేనండి."

అందులో అబద్ధం లేదు. అందరూ దాన్ని ఒప్పుకోలు కింద తీసుకున్నారు. ముక్క ఎక్కడుంది, ఉంటే ఇప్పుడైనా అతికించండి అని దర్శకుడు అడిగాడు. నా దగ్గర లేదండి అన్నాడు మా బావ, అదీ నిజమే. దర్శకుడు కారు ఎక్కబోతూ మా యజమానితో, ఆ ఆరు నిమిషాలు తియ్యడానికే మిగతా సినిమా తీశానండీ అన్నాడు. సాయంత్రానికి మా బావను పనిలోంచి తీసేశారు.

మర్నాడు పొద్దున్నే అక్క ఇంటికి వెళ్లి ముఖం చూపించే ధైర్యం లేక, ప్రింటు ఆఫీసుకు తిరిగి ఇచ్చే నెపంతో బస్సెక్కాను. చల్లపల్లిలో బస్సు మారాలి. మధ్య వ్యవధిలో కాలువ గట్టుకు నడిచి సంచిలోని ముక్క నీళ్లలో వదిలేశాను. అది నా దగ్గర దొరికితే నా పని అయిపోతుందన్న భయం తప్ప వేరే ఆలోచన లేదు. ఉంచి ఉంటే ఎప్పుడైనా అతకవచ్చు, ఎప్పుడైనా నిజం చెప్పవచ్చు. ఆ రెండు దారులూ నేనే మూసేశాను.

మా బావకు జిల్లాలో ఇంకే హాల్లోనూ పని దొరకలేదు. ముక్కలు కోసే ఆపరేటరన్న పేరు ఆయన కంటే ముందే ప్రతి ఊరికీ చేరింది. కొన్నాళ్లు ఫ్యాన్లు, రేడియోలు బాగుచేశాడు, తర్వాత విజయవాడ వచ్చి మోటారు వైండింగు షాపులో కూలికి చేరాడు. అక్క కుట్టు మిషను కొనుక్కుని జాకెట్లు కుట్టింది. ఆ చేతులు, ఫిల్మును కళ్లు మూసుకుని చదివే చేతులు, రాగి తీగ చుట్టడంలో అరిగిపోయాయి. నాకు పెళ్లయింది, ఆఫీసులో మేనేజరు దాకా ఎదిగాను. క్రిస్మస్‌కు అక్కకు ఖరీదైన చీర పెట్టేవాణ్ణి, ఎందుకురా ఇంత పెట్టి అంటూనే కట్టుకునేది. నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె కోసం చెయ్యి చాపిన ప్రతిసారీ, ముందు వెళ్లి నీ సహోదరునితో సమాధానపడమన్న మాట గుర్తొచ్చేది. సహోదరుని వంటివాడు రెండు వరసల ముందే మోకరించి ఉండేవాడు. నేను రొట్టె తీసుకుని వచ్చి కూర్చునేవాణ్ణి.

ఇక పోయిన ఆదివారానికి వస్తాను. ఆ కామెంటు విన్నాక, ఆ తల్లి సీను ఒకసారి పెట్టమ్మా అన్నాను. పిల్ల ఫోను మంచినీళ్ల జగ్గుకు ఆనించి పెట్టింది. ఈ వయసులో, ముఖం తెర వైపు పెట్టి, నేను కోసిన ఆరు నిమిషాలు మొదటిసారి చూశాను.

అయిదో హత్యకు ముందు వాడు ఒక పెంకుటింటికి వస్తాడు. గడప బయట తెల్ల బూట్లు విప్పుతాడు. లోపల మతి తప్పిన తల్లి మంచం మీద కూర్చుని ఉంటుంది. వాడు పళ్లెంలో నీళ్లు పోసి ఆమె కాళ్లు కడుగుతాడు, గోళ్ల సందుల్లో మట్టి తీస్తాడు. ఆమె వాణ్ణి గుర్తుపట్టదు, ఎవరు బాబూ నువ్వు అని మూడుసార్లు అడుగుతుంది, మూడుసార్లూ వాడు ఏదో పరాయి పేరు చెబుతాడు. మా అబ్బాయి కూడా నీలాగే ఉంటాడు, చీమకైనా హాని చెయ్యడు అని ఆమె వాడికి వాడి గురించే చెబుతుంది. వాడి కళ్లు తడవవు. నీలం వెలుతురు ఉండదు, మామూలు మధ్యాహ్నపు ఎండ. అంతే. ఈ మనిషి ఎవరి బిడ్డో, ఏం పోగొట్టుకున్నాడో, తన పేరు తాను చెప్పుకోలేనంతగా ఎక్కడికి జారిపోయాడో ఆ ఎండలో కనిపిస్తుంది. అది చూసినవాడు చివర్లో ఈల వెయ్యలేడు. ఆ ఊళ్లో మొదటి ఆట చూసిన నాలుగు వందల మందీ వెయ్యలేదు. ఆ తర్వాత వేసినవాళ్లంతా నా బ్లేడు వల్ల వేశారు.

మా బావకు తెర కనిపించదు, అయినా నీళ్ల చప్పుడు మొదలవగానే తల వాల్చి విన్నాడు, ఆరు నిమిషాలూ కదల్లేదు. అయిపోయాక నేను పిల్ల ముందే చెప్పాను. బావా, ఇది కోసింది నేను, అప్పుడు మాట్లాడనిదీ నేనే, ఆ ముక్క కాలువలో పారేసిందీ నేనే అన్నాను. ఇన్నేళ్లు మోసిన మాట ఇంత పొట్టిగా ఉంటుందనుకోలేదు. పిల్ల ఫోను కట్టేసి మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

కాలువలోనా అన్నాడు మా బావ, అదొక్కటే తనకు తెలియనిది అన్నట్టు. ఆ తర్వాత చెప్పాడు.

"మీ అక్కకు ఆ రోజు సాయంత్రమే చెప్పానయ్యా. వాడంతట వాడు వచ్చి చెప్పేదాకా మనం అడగొద్దండీ అంది. ప్రతి ఆదివారం నువ్వు వెళ్లాక, ఇవాళ కూడా చెప్పలేదండీ అనేది."

మా అక్క ప్రతి ఆదివారం నన్ను సాగనంపడానికి మెట్ల దాకా వచ్చి, నేను చెప్పులు వేసుకున్నాక కూడా కాసేపు గుమ్మం పట్టుకుని ఊరికే నిలబడేది. మోకాళ్ల నొప్పుల వల్ల అలా ఆసరా పట్టుకుని నిలబడుతోందనుకునేవాణ్ణి. ఏదైనా మందు వాడక్కా అని చెప్పి దిగిపోయేవాణ్ణి.

ఆ సాయంత్రం పిల్ల చేత, ఆ ఊరాయన రాసినదాని కింద, నా పేరు పెట్టి నిజం రాయించాను. ఆపరేటర్ కొయ్యలేదు, అమ్ముకోలేదు, ఆయన వద్దన్నాడు, కోసినవాణ్ణి నేను అని. రాసేటప్పుడు పిల్ల నాతో మాట్లాడలేదు, చెప్పింది చెప్పినట్టు రాసింది. కిందికి దిగేటప్పుడు మెట్ల లైటు మాత్రం వేసింది. ఆ ఊరాయన నుంచి ఇంతవరకు జవాబు లేదు, చూశాడో లేదో తెలియదు.

ఆ హాలు ఇప్పుడు కల్యాణమండపం. మా ఆఫీసు ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. రేకు పెట్టెలు లేవు, రీళ్లు లేవు, మిషను రూములో నూనె గుడ్డతో తుడిచే మనిషి అక్కర్లేదు. ఎక్కడ చూసినా సినిమా నిండుగా ఉంటుంది, ఎవరి బ్లేడూ తగలదు. అది మంచిదే, దాన్ని తలుచుకుని బాధపడేంత మూర్ఖుణ్ణి కాను. ఎవరికి వారు తమ గదిలో చూసి, బాగుంటే బాగుందని రాసి పెడుతున్నారు, ఆ రాతలు చదివించుకుంటే నాకూ సంతోషంగానే ఉంది. కాని నాలుగు వందల మంది పక్కపక్కన కూర్చుని, ఎవరూ చెప్పకుండానే ఒకేసారి ఊపిరి బిగబట్టిన ఆ మార్నింగ్ షో మౌనం ఏ రాతలోనూ దొరకదు. దాన్ని నేను విన్నాను, రెండు చెవులతో, ఆరు నిమిషాలు. ఇప్పుడైతే అది ఏమిటో పోల్చుకోగలను. గుమ్మం పట్టుకుని నిలబడ్డ మనిషి మౌనాన్ని కూడా పోల్చుకోగలను. వినడానికి ఆ రెండూ లేవు.